ఎర్రబడ్డ చెంబు

ఈమధ్య సైన్సు టీచర్ల శిక్షణ తరగతి ఒకదానికి నన్ను పిలిచారు. రిటైరై ఎన్నేళ్లయినా ఇలాంటి పిలుపులు వస్తూనే ఉంటాయి. శాలువా ఒకటి కప్పి, మైకు చేతికిచ్చి, గడియారం చూసుకుంటూ కూర్చుంటారు. ఒక అమ్మాయి లేచి అడిగింది: "మేడమ్, మా ప్రదర్శనలకు పిల్లలు వస్తున్నారు గానీ వాళ్ల అమ్మానాన్నలు రావడం లేదు. ఇంటిల్లిపాదీ కదిలి రావాలంటే ఏం చేయాలి?" ఒకసారి ఊరు ఊరంతా కదిలి వచ్చిన ప్రదర్శన చేశామనీ, అలాంటిది పగవాళ్లకు కూడా వద్దనీ అన్నాను. అందరూ నవ్వారు. ఈలోగా టీ వచ్చింది, లేచి వెళ్లిపోయారు. ఆ అమ్మాయికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయిన రోజులు. నేను కరీంనగర్లో ఆడపిల్లల బడిలో సైన్సు టీచర్ని. పల్లెలు తిరిగి సైన్సు చూపించడానికి సర్కారు ఒక బండి ఇచ్చింది. దానికొక అధికారి, ఒక డ్రైవరు. కొన్నాళ్లు తిరిగాక తేలిందేమిటంటే, మగపిల్లలూ వాళ్ల తండ్రులూ వస్తున్నారు గానీ ఆడవాళ్లు గడప దాటడం లేదు. బండిలో ఒక ఆడమనిషి ఉంటే వాళ్లూ వస్తారని ఎవరికో తోచింది. నాకూ మా హెడ్‌మిస్ట్రెస్‌కూ ఉప్పూ నిప్పూ. ఆవిడ నా పేరు రాసి పంపి, ఆ పూట సంతోషంగా భోంచేసి ఉంటుంది.

బండి అంటే పాత మిలిటరీ లారీకి చెక్క పెట్టె బిగించిన సరుకు. లోపల మైక్రోస్కోపు, దుర్భిణి, అయస్కాంతాలు, మందు సీసాలు, నిర్మల్ బొమ్మల వాళ్ల చేత పొణికి కర్రతో చేయించిన గ్రహాలు ఉండేవి. శనిగ్రహం రంగు చూసి పండనుకొని పిల్లలెవరో కొరికిన పళ్ల గాట్లు దాని మీద ఉండేవి. డ్రైవరు కరీంనగర్ వాడే, నమాజు తప్పని మనిషి. దారిలో ఎక్కడ మంచి నీళ్లు దొరుకుతాయో, ఏ ఊరి పటేలుకు కోపమెక్కువో అన్నీ ఆయనకు తెలుసు. మేము మాత్రం ఆయన్ని దారి తప్ప మరేదీ అడిగేవాళ్లం కాదు.

అధికారి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చాడు. మంచివాడు. పిల్లలంటే ప్రాణం పెట్టేవాడు. సైన్సును పాఠంలా చెబితే ఎవరూ నిలబడరనీ, గారడీవాడిలా చెప్పాలనీ ఆయన సిద్ధాంతం. హుజూరాబాద్ అంగట్లో ఒక గారడీవాడి ముందు ఎండలో గంటలకొద్దీ నిలబడి, వాడు జనాన్ని ఎలా కట్టేస్తున్నాడో చూసి వచ్చాడు. ఆ తర్వాత మా ప్రదర్శన తీరే మారిపోయింది. ప్రతి ఇంటి నుంచీ ఒక చెంబెడు నీళ్లు తెమ్మనేవాళ్లం. అధికారి ఒక సీసా పైకెత్తి చూపించేవాడు. "ఇది నిజాల సీసా. దీనికి అబద్ధం చెప్పడం రాదు. మీ ఇంట్లో ఏముందో మీ నీళ్లే చెబుతాయి, చూడండి" అంటూ ఒక్కో చెంబులో కాస్త పోసేవాడు. ఏ నీళ్లూ మారేవి కావు. చివరికి తన గ్లాసులో రహస్యంగా కలిపి పెట్టుకున్న సున్నపు తేటలో పోసేవాడు. నీళ్లు ఎర్రగా అయ్యేవి. పిల్లలు ఎగిరి గంతులేసేవాళ్లు. అప్పుడు సున్నం గుట్టు విప్పి, క్షారాల గురించి నాలుగు ముక్కలు చెప్పేవాడు.

ఆ సీసాలో ఉన్నది స్పిరిట్‌లో కరిగించిన ఫినాఫ్తలీన్. మీరంతా బళ్లో చుక్కలు చుక్కలుగా వాడిన మందే. దూరంగా ఉన్నవాళ్లకు కూడా రంగు కనబడాలని మేం దాన్ని చాలా చిక్కగా కలిపేవాళ్లం.

కరీంనగర్ వైపు మగ్గాలు నేసే సాలోళ్ల వాడల్లో ఈ ఆట బ్రహ్మాండంగా నడిచింది. మాకు పొగరెక్కింది. అదే ఊపులో ఆదిలాబాద్ జిల్లాకు వెళ్లాం. బోథ్ దాటాక ఉన్న ఊళ్ల సంగతి మాకు తర్వాత తెలిసింది. మీకు ముందే చెబుతున్నాను. ఆ ఊళ్లలో పశువులు వరసగా పడినా, పిల్లలు వరసగా పోయినా 'చూసేటాయన' అని ఒకణ్ణి పిలిపించేవారు. అతను వచ్చి ఇంటింటి నుంచీ చెంబెడు నీళ్లు తెప్పిస్తాడు. ఒక్కోదాంట్లో చిటికెడు పసుపు వేస్తాడు. ఎవరి నీళ్లు ఎర్రబడితే బాణామతి, అంటే చేతబడి, చేసింది ఆ ఇంటివాళ్లే. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని ప్రతి ఇల్లాలికీ తెలుసు, రోజూ దిష్టి తీసేది ఆ నీళ్లతోనే. అయినా అతని చేతిలో ఎర్రబడితే ఆ లెక్క వేరు.

మేం వెళ్లిన ఊళ్లో ఆ మధ్యనే గొంతు వాచి ముగ్గురు నలుగురు పిల్లలు పోయారు.

బండి ఆగిందో లేదో జనం రావడం మొదలైంది. ఎన్నడూ లేనిది, ఆడవాళ్లు ముందొచ్చారు. చంక బిడ్డలతో వచ్చారు, పచ్చి బాలింతలు కూడా వచ్చారు. ఎవరింటి చెంబు వాళ్ల చేతిలో ఉంది. మేమింకా నీళ్లు తెమ్మని అడగనే లేదు. పక్క ఊరి నుంచి మా ప్రదర్శన కబురు ముందే అందింది మరి. మా అధికారి ముఖం వెలిగిపోయింది. "చూశారా అమ్మా, ఇదీ కుటుంబాలకు సైన్సు చేరడమంటే" అన్నాడు నాతో. నేనూ మురిశాను, ఎందుకు దాచడం. అయితే ఆ పిల్లలెవరూ అల్లరి చేయడం లేదన్నది మాత్రం మనసుకు తగిలింది. పిల్లలు అల్లరి చేయని చోట ఏదో ఉందని టీచరుగా నాకు తెలిసి ఉండాల్సింది.

ముందు వరసలో ఒక యువతి నిలబడి ఉంది. పాతికేళ్లు కూడా ఉండవు. పోయిన పిల్లల్లో ఆఖరిది ఆమె కూతురు. ఈ సంగతి పక్కనున్నామె నా చెవిలో చెప్పింది. ఆ తల్లి సీసా మీద నుంచి కన్ను తిప్పలేదు.

ఒక్కో చెంబులో మందు పడుతోంది, ఏ నీళ్లూ మారడం లేదు. ఒక్కొక్కరూ ఊపిరి వదిలి పక్కకు జరుగుతున్నారు. చివర ఒక ముసలామె వచ్చింది. ఎండిన పుల్లలా ఉంది. సున్నపురాయి కాల్చి, తడిపి, ఆకు-వక్కల వాళ్లకు సున్నం అమ్మి బతికే మనిషి. నా అన్నవాళ్లు ఎవరూ లేరు. చిన్న ఇత్తడి చెంబు చాపింది. అధికారి మందు పోశాడు. చెంబులో నీళ్లు ఒక్కసారి ఎర్రబడ్డాయి.

ఆయన నిజంగా సంతోషించాడు. తను చేయాల్సిన ఆట దానంతటదే అయిందనుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టకపోయేసరికి దూరం వాళ్లకు కనబడలేదేమోననుకొని, సీసాలో మిగిలింది కూడా అందులోకే వంచి, చెంబు ఎత్తి అందరికీ చూపించాడు.

 అప్పుడా తల్లి, గొంతు పెంచకుండానే అంది:

"చూసిన్రా. నేను చెప్తే ఎవ్వలన్న ఇన్నరా?"

ముసలామె చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు. నాకు అప్పటికీ అర్థం కాలేదు. డ్రైవరు నా వెనక్కి వచ్చి మెల్లగా చెప్పాడు. "టీచరమ్మా, గడ్‌బడ్ అయింది. ముసలామెను బాణామతి చేసిందంటుండ్రు. గామె పొల్లకు గొంతు వాస్తే గీమెనే సున్నం, బెల్లం పట్టేసిందంట. మూడోనాడు పొల్ల పోయిందంట. ఇగ ఈళ్లు ఊకోరు."

మగవాళ్లలో ఒకడు ఎక్కడినుంచో గుండ్రాయి తెచ్చాడు. అదెందుకని అడిగాను. "నోట్ల పండ్లు రాలగొట్టెటందుకు. పండ్లు లేకుంటే మంత్రం పలుకరాదంట" అన్నాడు డ్రైవరు. 

మా అధికారికీ సంగతి అర్థమైంది. ఇది సున్నం వల్ల వచ్చిన రంగనీ, క్షార ద్రావణమనీ, సూచిక అనీ గబగబా చెప్పుకుంటూ పోయాడు. పుస్తకాల తెలుగు, పైగా కోస్తా యాస. ఆడవాళ్లు ఆయన నోటివైపు చూస్తున్నారే గానీ ఒక్క ముక్కా లోపలికి పోవడం లేదు. నేను ముందుకొచ్చి ముసలామెను అడిగాను.

"అవ్వా, గీ చెంబు దేనికి వాడ్తవ్?"

"సున్నం తడుపుత బిడ్డా. ఇంట్ల గీ ఒక్కటే చెంబున్నది. కడిగే తెచ్చిన" అంది. భయపడినట్టు కూడా లేదు. ఇంకా ఏం జరుగుతోందో ఆమెకు ఎక్కినట్టు లేదు.

అంతే కదా, తేలిపోయింది అనుకున్నాను. పటేలు ఆకు నములుతూ నిలబడ్డాడు. ఆయన సంచీలోంచి సున్నం కాయ తీసుకొని, మారకుండా ఉన్న వేరొకామె చెంబులో ఇంత సున్నం కలిపాను. ఎర్రబడింది. "చూడుండ్రి, ఎవ్వల చెంబుల ఏసినా గిట్లనే అయితది. సున్నం గుణం" అన్నాను.

పటేలు చెంబులోకి తొంగి చూసి, నిదానంగా అన్నాడు:

"గా సున్నం గూడ ఆమెదే గదా పంతులమ్మా. ఊరంతటికి ఆమెనే అమ్ముతది."

 ప్రయోగం చేస్తే మరోచోటి వస్తువుతో సరిపోల్చి చూడాలని పిల్లలకు చెప్పేదాన్ని నేనే. ఆ ఊళ్లో మరో సున్నం లేదు. అధికారి బండిలోకి పరుగెత్తి చాకలి సోడా తెచ్చి, మారని ఇంకో చెంబులో కలిపాడు. అదీ ఎర్రబడింది. వెనక నుంచి ఎవరో అన్నారు, "మీ బండి సామాను మీ మాటనే ఇంటది." ఇంకొకరు నవ్వారు కూడా. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండింది, వెంటనే భయమూ వేసింది.

డ్రైవరు బండి స్టార్టు చేస్తానన్నట్టు సైగ చేశాడు. ముసలామెను ఎక్కించుకొని పోదామని ఆయన ఆలోచన. పటేలు మనుషులు అప్పటికే బండికి అడ్డంగా కూర్చున్నారు. ముసలామె కూడా, "నా ఇల్లు ఇడిసి నేనేడికి పోత?" అంది. పటేలు చెడ్డవాడు కాదు. జనం తన చెయ్యి దాటిపోతున్నారని ఆయనకూ గాబరాగానే ఉంది. మా అధికారి వైపు తిరిగి మర్యాదగానే అడిగాడు.

"సారూ, గీ సీసకు అబద్ధం చెప్పరాదని మీరే అంటిరి గదా?"

"అన్నాను. కానీ అది..."

"అబద్ధం చెప్తదా?"

"చెప్పదు."

"ఇగ 'కానీ' ఏమున్నది?"

ఆయన తల దించుకున్నాడు. అంత చదువుకున్న మనిషి తన మాటల్లో తానే ఇరుక్కొని అలా నిలబడటం చూస్తే జాలేసింది.

అప్పుడా తల్లి మళ్లీ మాట్లాడింది. "ఆమె నీళ్లు ఆమెనే తాగుమనుండ్రి. ఏం కాకుంటే ఇడువుండ్రి." ఈ మాట అందరికీ నచ్చింది. గుండ్రాయి పట్టుకున్నవాడు కూడా సరేనన్నాడు. ముసలామె చెంబు కోసం చెయ్యి చాపింది. దాహం వేసినప్పుడు చాపినట్టు చాపింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చెంబులో సున్నం ఉందన్న భయం నాకు లేదు. సున్నపు తేట పసిపిల్లలకు కూడా పోస్తారు. భయమంతా మందు గురించే. ఫినాఫ్తలీన్‌ను ఆ రోజుల్లో హైదరాబాద్ మందుల దుకాణాల్లో మలబద్ధకానికి బిళ్లలుగా అమ్మేవారు. విరేచనాల మందది. చుక్కలైతే ఏమీ కాదు. మా అధికారి సీసా అంతా వంచాడు. ముసలామె తాగితే తెల్లారేసరికి కడుపు కదులుతుంది. ఆ వయసుకు, ఆ ఒంటికి అది ఎంతవరకు పోతుందో తెలియదు. కదిలిందని ఊరికి తెలిస్తే మాత్రం ఏమవుతుందో తెలుసు. ఆ సంగతి ముందే చెబితే సరిపోయేదిగా అంటారేమో. మా సామాను గురించి మేం చెప్పే మాటకు ఎంత విలువుందో అప్పటికే రెండుసార్లు విన్నాను.

అధికారి చేతిలోంచి చెంబు లాక్కొని గటగటా తాగేశాను. చేదు, వగరు, గొంతులో స్పిరిట్ మంట.

"నీళ్లల్ల ఏం లేదు. ఉంటే నాకే కావాలె. రేపు పొద్దెక్కేదాక మీ ఊర్లనే ఉంట. నాకు మంచిగుంటే ఆమెను ముట్టద్దు" అన్నాను.  

మా అధికారి ముఖం సున్నం కొట్టినట్టయింది. ఆయనకూ తెలుసు మరి.

ఒప్పందం కుదిరింది. ముసలామెను బడి గదిలో పెట్టి గొళ్లెం వేశారు. నన్ను పటేలు ఇంటి అరుగు మీద ఉంచారు. ఆడవాళ్ల తరఫున నన్ను కనిపెట్టుకొని ఉండటానికి ఎవరు కావాలంటే, అందరూ ఆ తల్లినే చూపించారు. ఆమె అబద్ధమాడదని, ఆడాల్సిన పని ఆమెకు అసలే లేదని.

సాయంత్రం అధికారి నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. పెరుగన్నం తినండి, అరటికాయ తినండి అంటూ సతాయించాడు. చివరికి, "నేను తాగాల్సిందమ్మా" అన్నాడు. "మీరు తాగితే మగవాడు గనుక తట్టుకున్నాడంటారు. ఊరుకోండి" అన్నాను. ఆయన ఊరుకోలేదు. చిన్నపిల్లాడిలా కళ్లు తుడుచుకున్నాడు. నాకు కోపమొచ్చింది. ఏడవాల్సింది నేనైతే మధ్యలో ఈయనేమిటి? డ్రైవరు మాత్రం పాలు లేని చాయ్ నల్లగా మరిగించి తెచ్చిచ్చాడు. "కడుపు కడ్తది, జర తాగుండ్రి. ఫికర్ జెయ్యకుండ్రి. అల్లా ఉన్నడు" అన్నాడు. ఆ చాయ్ కంటే ఆ మాట నయంగా పనిచేసింది.

ఎగిలివారుతుండగా, ఇంకా చీకటి విడకముందే, కడుపులో తిప్పడం మొదలైంది. కళ్లు మూసుకొని, పళ్లు బిగబట్టి పడుకున్నాను. లేస్తే అనుమానిస్తారు. లేవకపోతే అరుగే సాక్ష్యం చెబుతుంది. ఇంతలో ఆ తల్లి చెంబు పట్టుకొని వచ్చి నిలబడింది.

"లే పంతులమ్మా. బయిటికి పోదాం."

ఆడవాళ్లు చెంబట్కపోయే వేళ అది. ఊరవతల జొన్న చేల మధ్యకు వెళ్లాలి. గుంపులో వెళ్తే నా గుట్టు అప్పుడే బయటపడేది. ఆమె మిగతావాళ్లను ముందు పోనిచ్చి, నన్ను వేరే గట్టు మీదుగా తీసుకెళ్లింది. నన్ను బాగా చూడటానికే అలా చేసిందని నాకు తెలుసు.

మొదటిసారి అయ్యాక పర్వాలేదనుకున్నాను. పది అడుగులు వేశానో లేదో మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మళ్లీ.  సిగ్గు, నొప్పి, భయం అన్నీ కలిసి నాకు ఏడుపొచ్చింది. ఆమె ముఖం పక్కకు తిప్పుకొని నిలబడి ఉంది.

"కడుపు పోతున్నదా?" అంది.

అబద్ధం చెప్పే స్థితిలో లేను. "పోతున్నది" అన్నాను. "చెంబుల ఉన్నదానికి కాదు. మా సీసల మందుకు. షహర్ల కడుపు కట్టినోళ్లకు గదే ఇస్తరు. నువ్వు నమ్మకుంటే నేనేం చెయ్యలేను."

ఆమె మిగతావాళ్లు వెళ్లిన వైపు చూసింది. దూరంగా ఆడవాళ్ల మాటలు వినబడుతున్నాయి.

"గిట్లయితదని నీకు తెలుసునా?"

"తెలుసు."

"తెలిసే తాగినవా?"

"తెలిసే తాగిన. గా ముసలామె తాగితే సస్తుండె."

"ఆమె నీకేమైతది?"

"ఏం గాదు. నిన్ననే చూసిన."

ఆమె నన్ను పట్టి పట్టి చూసింది. ఆ చూపులో నమ్మకముందో, అసహ్యముందో, మరేముందో నాకు తెలియలేదు. ఆమె ఒక్క కేక వేస్తే చాలు. ఆ బడి గదిలో ముసలామె ఏమవుతుందోనని భయపడ్డాను. నా గురించి కూడా భయపడ్డాను, అబద్ధమెందుకు.

"మొఖం కడుక్కో" అందామె, తన చెంబులో మిగిలిన నీళ్లు నా దోసిట్లో పోస్తూ. "చెమటలు పోస్తున్నయ్. గిట్లొస్తే అందరు గుర్తుపడ్తరు."

తిరిగి వస్తున్నప్పుడు నా రెక్క పట్టుకొని నడిచింది. ఎవరైనా చూస్తే స్నేహితులనుకుంటారు.

పొద్దెక్కాక అందరూ చేరారు. నేను పటేలు అరుగు మీద నిటారుగా కూర్చున్నాను. కడుపు మళ్లీ మెలిపెడుతోంది. చీర కొంగు పిడికిట్లో పట్టి నొక్కుకున్నాను. గుండ్రాయి ఇంకా బడి గోడ దగ్గరే ఉంది. పటేలు నన్నేమీ అడగలేదు. ఆమెనే అడిగాడు.

"ఎట్లున్నదే పంతులమ్మకు?"

"మంచిగున్నది."

"పొద్దుగాల?"

"అందరి తీర్గనే ఒక్కపారి పోయొచ్చింది. రాత్రి మంచిగ పండుకున్నది. నేను చూసిన గదా." ఎవరివైపూ చూడకుండా, "ముసలామెను ఇడువుండ్రి" అంది.

కూతురు పోయిన తల్లే ఆ మాట అన్నాక ఇంకెవరూ ఎదురు చెప్పలేకపోయారు. గొళ్లెం తీశారు. ముసలామె బయటకొచ్చి, ఎండకు కళ్లు చిట్లించింది. ఎవరికీ దండం పెట్టలేదు, ఎవరినీ తిట్టలేదు. నేరుగా మా అధికారి దగ్గరకెళ్లి, "నా చెంబు నాకియ్యి" అంది. ఆయన రెండు చేతులతో ఇచ్చాడు. అది పట్టుకొని ఇంటికి పోయింది. గుండ్రాయి తెచ్చినవాడే ఆ రాయిని మళ్లీ దొర్లించుకుంటూ తీసుకెళ్లాడు. ఎంత బరువుందో అప్పుడు చూశాను.

ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాం. మా అధికారి సీసా పట్టుకొని ఆ మాటలు మళ్లీ అనలేదు. ఇళ్ల నుంచి నీళ్లూ తెమ్మనలేదు. సున్నం ముందే అందరికీ చూపించి, పిల్లల చేతనే కలిపించేవాడు. గంతులు తగ్గాయి, ప్రశ్నలు పెరిగాయి. ఏ ఊరికి పోతున్నా ముందు డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకొని, ఆ ఊరి సంగతులు అడిగి తెలుసుకునేవాడు. మా పై అధికారులు మాత్రం ప్రదర్శన చప్పబడిందని కోప్పడ్డారు. పై అధికారులు ఎప్పుడూ అంతే, వాళ్లకు చప్పట్లు కావాలి.

కానీ ఇంటిల్లిపాదినీ రప్పించడమెలాగని అడిగిన ఆ అమ్మాయికి నేను అసలు చెప్పాల్సింది ఇది కాదు. ఆ ఊరి నుంచి బండి కదలబోయే ముందు జరిగిన మాట.

నేను వెనక సామాన్ల మధ్య ముడుచుకొని పడుకున్నాను. డ్రైవరు రేడియేటర్‌లో నీళ్లు పోస్తున్నాడు. ఆ తల్లి ఒక్కతే వచ్చింది. నాకోసం ఉప్పు వేసిన గంజి తెచ్చింది. తాగేదాకా నిలబడి చూసింది. గిన్నె తీసుకుంటూ అడిగింది.

"నువ్వన్నది నిజమే అనుకుంట. ముసలామె ఏం చెయ్యలే. మరి నా బిడ్డ ఎందుకు సచ్చింది?"

పక్కనే సామాను సర్దుతున్న మా అధికారి నావైపు చూశాడు. గొంతు వాచి పిల్లలు పోయే జబ్బులకు పుస్తకాల్లో పేర్లున్నాయి. ఆ పిల్లను మేం చూడలేదు. చూసినా మా ఇద్దరిలో ఎవరమూ డాక్టర్లం కాము. బండి నిండా సామానుంది, ఆమెకు చూపించడానికి ఒక్కటీ లేదు.

"నాకు తెల్వదు" అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. గిన్నె కొంగుతో తుడుచుకుంటూ, బండివైపూ మావైపూ చూసి, మెల్లగా అంది:

"మీకు గూడ తెల్వనియి ఉంటయని నిన్న అందరి ముంగట ఒక్క మాట చెప్పకపోయినరు."